ఉగాదికి ముందు బెంగళూరు వీధుల్లో పూల వేట

బెంగళూరు వీధుల్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూనే ఉంటుంది. ఇది దానంతటదే జరిగింది కాదు. జర్మనీలో పుట్టి, లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో పనిచేసి, 1893లో బరోడాకు వచ్చి, 1908లో లాల్‌బాగ్ బాధ్యతలు చేపట్టిన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్, ఒక జాతి పూత ముగిసేసరికి మరో జాతి పూత అందుకునేలా వీధుల వెంట చెట్లు నాటించే పద్ధతిని ఇక్కడ అమలు చేశాడు. ఆ తర్వాత 1980లలో అటవీశాఖ అధికారి ఎస్.జి. నేగిన్‌హాళ్ ఆధ్వర్యంలో దాదాపు 15 లక్షల మొక్కలు నాటారు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన ఫోన్లలోకి వచ్చిపడే గులాబీరంగు వీధుల ఫోటోల వెనుక ఈ రెండు కాలాల శ్రమ ఉంది.

ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఒక అసంతృప్తి. వాటిలో పూలే ఉంటాయి, చెట్టు ఉండదు. పూత మాత్రమే కనిపించే చిత్రంతో ఆ చెట్టు ఏ జాతిదో చాలాసార్లు తేల్చి చెప్పలేము. అందుకని మార్చి చివర్లో బెంగళూరుకు బయలుదేరినప్పుడు, చిత్రించే ప్రతి మొక్కకూ చెట్టంతా ఒకటి, బెరడు ఒకటి, ఆకు పైభాగం, అడుగుభాగం, పువ్వు ముందు నుంచి, పక్క నుంచి, తొడిమ వైపు నుంచి, కాయ ఉంటే కాయ, ఇన్ని చిత్రాలు తీయాలనీ, కొమ్మ మీద పువ్వు కోయకుండా రాలినవాటితోనే పని జరుపుకోవాలనీ నియమం పెట్టుకున్నాను. ఫోన్, మాక్రో లెన్సు ఉన్న ఒక చిన్న కెమెరా, స్టీలు స్కేలు, పువ్వు కింద పరవడానికి నల్లగుడ్డ ముక్క, భూతద్దం నా సరంజామా.

బుధవారం, మల్లేశ్వరం

కాచిగూడలో రాత్రి ఎక్కిన రైలు తెల్లవారేసరికి యశ్వంతపురంలో దించింది. అక్కడి నుంచి మల్లేశ్వరం దగ్గరే. బసలో సంచి పెట్టేసి, కాఫీ తాగి, ఎండ ముదరకముందే వీధిలోకి వచ్చాను. ఈ పనికి ఉదయపు వెలుతురే మేలు. పది దాటాక ఎండ నిట్టనిలువుగా పడి తెల్లపూల రేకుల మీది ఈనెలు చిత్రంలోంచి మాయమవుతాయి.

సంపిగె రోడ్డు, మార్గోసా రోడ్డు అంటూ చెట్ల పేర్లతోనే ప్రధాన వీధులున్న పేట ఇది. అయితే 1882లో తవ్వించిన సాంకీ చెరువు వైపు నడుస్తున్నప్పుడు నన్ను మొదట ఆపింది సంపెంగా కాదు, వేపా కాదు. కాలిబాట మీద పేలాలు చల్లినట్లు పూలు పడి ఉన్నాయి. తలెత్తి చూస్తే కానుగ. మన పొలంగట్ల మీద, బడి ఆవరణల్లో పెరిగే కానుగే ఇక్కడ హొంగె పేరుతో వీధి వీధినా నీడనిస్తోంది. ఇంత పూత పూసినా దాని కింద నిలబడి సెల్ఫీ తీసుకునేవారు ఒక్కరూ కనిపించలేదు. పువ్వు గోరంత ఉంటుంది, రంగు తెలుపుకూ లేత ఊదాకూ మధ్యది, పైగా కొత్త ఆకుల గుబురులో దాగి ఉంటుంది.

నల్లగుడ్డ మీద నాలుగు రాలిన పూలు పెట్టి భూతద్దంలో చూస్తే చిక్కుడు పువ్వు నిర్మాణమంతా అందులో ఉంది. పైన పెద్ద రేకు ఒకటి, చెరో పక్క రెక్కల్లా రెండు, అడుగున పడవలా కలిసిపోయిన మరో రెండు, వీటన్నిటినీ పట్టి ఉంచే గోధుమరంగు గిన్నెలాంటి రక్షక పత్రావళి. ఆకులో ఐదు నుంచి ఏడు పత్రకాలు, చివర ఒంటి పత్రకం. ముదురు ఆకుల మీద చిన్న చిన్న బుడిపెలు లేచి ఉన్నాయి. ఇవి కంటికి కనిపించనంత చిన్న నల్లి వల్ల వస్తాయి. చెట్టుకు పెద్ద హాని ఉండదు గాని, గుర్తుపట్టేవాడికి మాత్రం ఇదొక అదనపు ఆనవాలు. కిందటేటి చప్పిడి కాయలు కూడా కొమ్మకు అంటుకునే ఉన్నాయి. పువ్వు, ఆకు, కాయ, మూడూ ఒకే చెట్టు మీద ఒకే రోజున దొరకడం అరుదు. ఆ లెక్కన గుర్తింపు నేర్చుకోదలచినవారికి నేను చెప్పే మొదటి చెట్టు కానుగే.

మధ్యాహ్నం వేపపూత కోసం ప్రయత్నించాను గాని అందనంత ఎత్తులో ఉంది. గాలికి ఊగే గుత్తిని దూరం నుంచి పట్టే లెన్సు నా దగ్గర లేదు. వాసన మాత్రం వీధంతా ఉంది.

గురువారం, జయనగర్

సంపిగె రోడ్డు స్టేషనులో గ్రీన్ లైను మెట్రో ఎక్కి సౌత్ ఎండ్ సర్కిల్‌లో దిగి, జయనగర్ లోపలి వీధుల్లోకి నడిచాను. బెంగళూరును అంతర్జాలంలో ప్రసిద్ధం చేసిన టబెబూయా చెట్లు ఈ వైపు చాలా ఉన్నాయి. గులాబీరంగు పూసేది టబెబూయా రోజియా. మధ్య అమెరికా దాని పుట్టిల్లు, ఎల్ సాల్వడార్‌కు అది జాతీయ వృక్షం. నేను వెళ్లేసరికి దాని ప్రధానమైన పూత అయిపోవచ్చింది. అక్కడక్కడ ఒక్కో చెట్టు మాత్రం ఆలస్యంగా మొదలుపెట్టినట్లు నిండుగా ఉంది. పసుపురంగు పూసే టబెబూయా ఆరియా చెట్లు ఇంకా పూస్తూ, రాలుస్తూ ఉన్నాయి.

ఈ రెంటినీ రంగును బట్టి ఎవరైనా విడదీస్తారు. అసలు పని పూలు లేనప్పుడు మొదలవుతుంది. రోజియా ఆకు అరచేయి విప్పినట్లు ఐదు పత్రకాలతో ఉంటుంది, నడిమిది అన్నిటికన్నా పెద్దది, రంగు మామూలు ఆకుపచ్చ. ఆరియా ఆకు కూడా అదే పోలికలో ఉంటుంది గాని దాని మీద సన్నని పొలుసులు పరచుకుని ఉండడంవల్ల వెండిపూత పూసినట్లు బూడిదరంగులో మెరుస్తుంది. పాత పుస్తకాల్లో దీనికి వెండివన్నెది అని అర్థం వచ్చే అర్జెంటియా అనే పేరుండేది. బెరడు చూస్తే అనుమానమే ఉండదు. ఆరియా బెరడు బెండులా మెత్తగా, లోతైన పగుళ్లతో ఉంటుంది. కాండం కూడా నిటారుగా పోకుండా ఒక పక్కకు ఒరుగుతుంది. కాలిబాట మీద వంకర తిరిగి, వచ్చేపోయేవారి తలలకు తగిలేలా ఉన్న బూడిదరంగు చెట్టు కనిపిస్తే, పువ్వు లేకపోయినా నేను ఆరియా అనే రాసుకున్నాను, దగ్గరకు వెళ్లి ఆకు చూస్తే అదే అయింది.

పసుపు పువ్వును చిత్రించడం ఒక తలనొప్పి. ఎండలో ఆ పసుపు కెమెరాకు ఎక్కువైపోయి, రేకు మీది ముడతలు, గొంతులోని ఎర్రని గీతలు చెరిగిపోయి, చివరకు ఒక పసుపు మచ్చ మిగులుతుంది. ఫోన్‌లో అయితే పువ్వు మీద వేలితో నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగి వెలుతురు తగ్గించాలి. చిత్రం తెర మీద కొంచెం మసకగా కనిపించినా ఫరవాలేదు, వివరం నిలిచి ఉంటుంది. నేను ఇంకా సులువైన దారి పట్టాను. రాలిన పూలను గోడనీడలోకి తెచ్చి, గుడ్డ మీద పరచి తీశాను.

అలా కూర్చుని ఉండగా వీధి ఊడ్చే ఆమె చీపురు ఆపి నా వైపు చూసింది.

“ఏంది అక్కా, కింద పడిండే పూలను ఫోటో తీస్తా ఉండావు? పైన ఉండేవి బాగుంటాయి కదా!”

తెలుగే. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. వారి పెద్దలు చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారు. ఈమె తాతది మదనపల్లె దగ్గరి పల్లె అట.

“పైనవి అందవు కదమ్మా. పైగా కోయకూడదని పెట్టుకున్నాను” అన్నాను.

“అట్లయితే పొద్దున ఆరుకే రావల్ల. బండ్లు తొక్కినాక పువ్వు యాడుంటాది, తారుకు అంటుకుంటాది. చీపురికి రాదు, గీకల్ల. ఈ పచ్చపూల చెట్టుంది చూడు, ముందు ఆకంతా రాలుస్తాది, అది ఎత్తినాక పూలు రాలుస్తాది, మళ్లా కాయ పగిలి దూది ఎగరతాది. ఒగ చెట్టుకు మూడు సార్లు ఊడ్పు.”

ఆమె దూది అన్నది విత్తనాలకు అంటుకుని ఉండే పల్చని తెల్లని రెక్కలను. ఆకు రాలడం, పూయడం, కాయ పగలడం అనే క్రమాన్ని వృక్షశాస్త్రం చదివినవారు పట్టికలు గీసి నమోదు చేస్తారు. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం కింద చాలామంది ఒక్కో చెట్టును ఎంచుకుని వారం వారం ఇదే వివరం రాస్తున్నారు కూడా. అయితే ఒకే వీధిని ఏళ్ల తరబడి రోజూ ఊడ్చినవారి దగ్గర ఉన్న సమాచారాన్ని అడిగి రాసుకున్నవారు ఎవరైనా ఉంటే నాకు వారిని కలవాలని ఉంది.

ఆమె చూపించిన పక్కసందులోనే ఆ రోజుకంతటికీ కష్టమైన చెట్టు దొరికింది. ఒక ఇంటి ప్రహరీ బయట, పొట్టిగా, ఆకు ఒక్కటి లేకుండా, ముదురు గులాబీరంగు గుత్తులు చివరి దశలో ఉన్నాయి. ఫోన్‌లోని మొక్కలను గుర్తుపట్టే యాప్ చూపగానే టబెబూయా రోజియా అని చెప్పింది. రాలిన పువ్వును బోర్లా తిప్పి చూస్తే కథ వేరుగా ఉంది. రోజియాలో పువ్వును పట్టి ఉంచే రక్షక పత్రావళి రెండు పెదవులుగా చీలి, నున్నగా ఉంటుంది. ఇక్కడ అది ఐదు చిన్న పళ్లతో, పైన సన్నని నూగుతో ఉంది. 2007లో వృక్షశాస్త్రజ్ఞులు గ్రోస్, ఓమ్‌స్టెడ్ జన్యు పరిశీలన ఆధారంగా పాత టబెబూయా ప్రజాతిని, అంటే దగ్గరి జాతులన్నీ చేరే వర్గాన్ని, విడదీసినప్పుడు, ఇలా నూగు ఉండి, చేవ బాగా గట్టిగా ఉండే జాతులు హాండ్రోయాంథస్ అనే ప్రజాతిలోకి వెళ్లాయి. బెంగళూరు పూల మీద వచ్చే పత్రికా వ్యాసాల్లో ఇప్పటికీ ఇవన్నీ టబెబూయాలే. ప్రజాతి వరకు తేలింది గాని, అందులో ఏ జాతి అన్నది చెప్పాలంటే ఆకు కావాలి. ఇంటావిడ బయటకు వచ్చి, ఎందుకు తమ గేటు ముందు కూర్చున్నానో కనుక్కుని, మంచినీళ్లు ఇచ్చి, ఏప్రిల్ చివరకు గాని చిగురు రాదని చెప్పారు.

శుక్రవారం, కబ్బన్ పార్కు పరిసరాలు

మెజెస్టిక్‌లో పర్పుల్ లైనుకు మారి కబ్బన్ పార్కులో దిగాను. జకరాండాలు చూడడానికి ఊదారంగు లైనులో వెళ్లడం ఎవరూ ప్రణాళిక వేసి చేసిన ఏర్పాటు కాదనుకుంటాను. 1870లో ఏర్పడిన ఈ పార్కు లోపలా, చుట్టూ ఉన్న రోడ్ల మీదా అవి పూతకు వచ్చి ఉన్నాయి.

జకరాండా దక్షిణ అమెరికా చెట్టు. గొట్టంలాంటి పువ్వును నిలువుగా చీల్చి చూస్తే నాలుగు కేసరాలకు తోడు వాటికన్నా పొడవైన ఐదో కేసరం ఒకటి పుప్పొడి లేకుండా, కొసన నూగుతో నిలబడి ఉంటుంది. ఈ ఒక్క వివరం చిత్రంలో ఉంటే ఇక వాదన ఉండదు. రంగును మాత్రం నమ్మడానికి లేదు. అదే గుత్తి చెట్టునీడలో తీస్తే నీలంగా, ఎండలో తీస్తే ఊదాగా వచ్చింది. పక్కన తెల్లకాగితం ఒకటి పెట్టి తీసి, తర్వాత దాన్ని బట్టి రంగు సరిచేసుకోవలసి వచ్చింది.

పూలు లేనప్పుడు జకరాండాకూ, మనం తురాయి అనే గుల్‌మొహర్‌కూ తేడా తెలియక చాలామంది తికమకపడతారు, ఎందుకంటే రెండింటి ఆకులూ ఈకల్లా సన్నని పత్రకాలతో ఉంటాయి. ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా జంటలుగా వస్తే జకరాండా. ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి వస్తే తురాయి. కాయలైతే దూరం నుంచే చెబుతాయి. జకరాండాది గుండ్రంగా, పలచగా ఉండే చెక్కబిళ్ల, తురాయిది కత్తిలా వేలాడే మూరెడు కాయ. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి అప్పటికి ఒకటి రెండు కొమ్మల మీద మాత్రమే ఎర్రబడుతోంది. దాని ఐదు రేకుల్లో ఒకటి మిగతావాటికి భిన్నంగా తెల్లని చారలతో ఉంటుంది, ముందు నుంచి తీసిన చిత్రంలో ఆ రేకు తప్పనిసరిగా పడాలి.

ఆ రోజు ఎక్కువసేపు పట్టింది దేవకాంచనానికి. రెండుగా చీలిన ఆకు చూడగానే బాహీనియా అని ఎవరైనా చెప్పేస్తారు, ఆ తర్వాతే అసలు పరీక్ష. రేకులు వెడల్పుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఐదు కేసరాలుండి, వేసవి ముందు ఆకు పలచబడ్డాక పూస్తే వేరిగేటా. రేకులు సన్నగా, ఎడంగా ఉండి, పుప్పొడి ఉన్న కేసరాలు మూడే ఉండి, వానలు వెనకపట్టాక పూస్తే పర్పురియా. హాంకాంగ్ జెండా మీద ఉండే బ్లేకియానా ఈ రెండింటి సంకరం. అది కాయ కాయదు. ఫోన్ యాప్‌లు ఈ మూడింటినీ కలిపేస్తాయంటే తప్పు వాటిది కాదు. మనం ఇచ్చే చిత్రంలో రేకుల సొగసు ఉంటుంది, కేసరాలు ఉండవు. పక్క నుంచి, వెలుతురుకు ఎదురుగా పెట్టి తీస్తే ఐదూ విడివిడిగా లెక్కకు వచ్చాయి, ఇది వేరిగేటా.

సాయంత్రం తిరిగి వస్తూ నిద్రగన్నేరు కింద ఆగాను. కుచ్చులాంటి ఆ గులాబీరంగు పువ్వు ఒక పువ్వు కాదు, చిన్న పూల గుంపు. నట్టనడిమి పువ్వు తక్కినవాటికన్నా పెద్దగా ఉంటుంది. చీకటి పడుతుంటే పత్రకాలు ముడుచుకోవడం మొదలైంది, అంతవరకూ కనపడని ఆకాశం కొమ్మల మధ్యలోంచి కనిపించింది. కెమెరా అప్పటికే సంచిలో పెట్టేశాను.

శనివారం, ఖాళీ సైటు

పొద్దున లాల్‌బాగ్‌కు వెళ్లాను. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, 1889 నాటి గాజు భవనం, చూడదగినవే. కాని చెట్టుకు పేరు రాసిన పలక తగిలించి ఉన్నచోట గుర్తుపట్టడానికి ఏముంటుంది? గంటలో బయటపడి, జయనగర్ చివర రెండు ఇళ్ల మధ్య ఇంకా కట్టడం మొదలుకాని ఒక ఖాళీ సైటు దగ్గరకు వెళ్లాను. మురుగుకాలువ పక్కన తేమ ఉండడంతో మార్చిలో కూడా అక్కడ పచ్చదనం ఉంది. రోడ్డు మీది పూల కోసం ఎంతో దూరం వెళ్లే మనం కాలి కింది పూలను దాటుకుంటూ పోతాం. నిజానికి గుర్తింపు విద్య అంతా అక్కడే ఉంది.

ముందు కనిపించినవి తెల్లని చిన్న పూలు, రెండు రకాలవి. నిలబడి చూస్తే ఒకటే అనిపిస్తాయి. నేల మీద మోకాళ్లూని లెన్సు పెడితే ఒకటి గడ్డిచామంతి. పొడవాటి ఒంటి కాడ చివర పసుపు బొడ్డు, దాని అంచున ఎడం ఎడంగా తెల్లని రేకులు, ఒక్కో రేకు కొసన మూడు పళ్లు. చిన్నప్పుడు ఈ ఆకునే బొగ్గుతో కలిపి నూరి పలకకు పట్టించేవాళ్లం, గాయానికి పసరు పిండేవాళ్లం. రెండోది వయ్యారిభామ. దీని పూలు గుంపుగా కొమ్మల చివర ఉంటాయి, ఒక్కోటి మిరియపు గింజ కన్నా కాస్త పెద్దది, అంచున ఐదు మూలల్లో ఐదు బుల్లి తెల్ల రేకులు. ఒంటికి తగిలితే దురద, పుప్పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసం, కాబట్టి దీన్ని చిత్రించేటప్పుడు మోచేతులు కప్పుకోవడం మంచిది. దీన్ని అదుపు చేయడానికి మెక్సికో నుంచి తెచ్చిన జైగోగ్రామా అనే పెంకుపురుగును మన దేశంలో మొదట వదిలింది బెంగళూరులోనే, 1984లో. తొలకరి పడ్డాకే ఆ పురుగుల సందడి. ఈ సైటులో ఒక్కటీ కనపడలేదు.

మధ్యాహ్నం రెండు దాటేదాకా తుత్తురుబెండ మొగ్గలు ముడుచుకునే ఉన్నాయి. ఉదయం వచ్చి చూసి పూత లేదని వెళ్లిపోయేవారికి ఇది ఎప్పటికీ చిక్కదు, ఎందుకంటే దీని పువ్వు పొద్దు వాలేటప్పుడు విచ్చుతుంది. మూడు గంటల ప్రాంతంలో నారింజ కలిసిన పసుపు రేకులు ఒక్కొక్కటే విడివడ్డాయి. మందార కుటుంబపు గుర్తు, అంటే కేసరాలన్నీ కలిసి ఒక స్తంభంలా నిలబడడం, ఇందులోనూ ఉంది. పక్కనే ఎండిన కాయ పళ్లచక్రంలా ఉంది. ఆకు తాకితే మఖమల్. ఆ స్పర్శను చిత్రంలో చూపించలేము కాబట్టి, ఆకును సూర్యుడికి అడ్డంగా పట్టి అంచున నూగు మెరిసేలా తీశాను.

ప్రహరీ వారనున్న లాంటానాలో ఒకే గుత్తిలో నడుమ పసుపు, చుట్టూ గులాబీ పూలు ఉన్నాయి. పసుపువి కొత్తగా విచ్చినవి, గులాబీవి ముదిరినవి. సీతాకోకచిలుకలు పసుపువాటి మీదే వాలుతుండడం చూస్తూ కూర్చుంటే సమయం తెలియలేదు. సందులో ఆడుతున్న పిల్లలు వచ్చి, పాము కోసం వెతుకుతున్నానా అని అడిగారు.

ఆదివారం, గాంధీ బజారు

ఉగాది దగ్గరపడడంతో గాంధీ బజారు కాలిబాట మీద మామిడాకులతో పాటు వేపరొబ్బలు పూతతో సహా అమ్మకానికి వచ్చాయి. మన పచ్చడికి ఆరు రుచులు కావాలి, ఇక్కడివారు వేపనూ బెల్లాన్నీ కలిపి నోట్లో వేసుకుంటారు. వేపపూత మాత్రం ఇద్దరికీ తప్పదు. బుధవారం అందని పువ్వు ఇలా గుప్పెడు దొరికింది. ఐదు తెల్లని రేకులు, నడుమ కేసరాలన్నీ అతుక్కుని గొట్టంగా మారిన తీరు, గొట్టం లోపలి అంచున పుప్పొడి తిత్తులు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. ఇది కొన్నది కాబట్టి కోయరాదన్న నియమానికి భంగం లేదని సర్దిచెప్పుకున్నాను.

బజారు నుంచి వస్తూ చూసిన కొండచింతల మీద తుప్పురంగు మొగ్గలు నిటారుగా లేచి, కొన్ని పసుపుగా విచ్చుతున్నాయి. వీటిని చూసి రేల అనుకునేవారున్నారు. రేల గుత్తి కిందికి వేలాడుతుంది, దానికి ఇంకా సమయం ఉంది.

మధ్యాహ్నమంతా చిత్రాలను, ఎవరైనా తాము చూసిన మొక్కలనూ జంతువులనూ నమోదు చేసే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో పెట్టడంతో గడిచింది. అక్కడ ఒక విచిత్రమైన న్యాయం నడుస్తుంది. మనుషులు నాటిన మొక్క అని గుర్తు పెడితే ఆ నమోదు సాధారణ తరగతిలోనే ఉండిపోతుంది, ఎంతమంది పేరు ధ్రువీకరించినా పరిశోధన స్థాయికి చేరదు. దానంతట అది మొలిచినదైతే, జాతి పేరు మీద పరిశీలకుల్లో మూడింట రెండు వంతులకు పైగా ఏకీభవించగానే పై స్థాయికి వెళుతుంది. జయనగర్ టబెబూయాలు, కబ్బన్ పార్కు జకరాండాలు, నేను గంటలు గడిపిన దేవకాంచనం, అన్నీ కింది తరగతిలోనే ఆగిపోయాయి. సాయంత్రం రైలెక్కే లోపే మురుగుకాలువ పక్కని గడ్డిచామంతికీ, తుత్తురుబెండకూ పరిశోధన స్థాయి ముద్ర పడింది. వీధి చెట్ల చరిత్ర రాసుకునేవారికి ఇది లోటే. నాటిన చెట్టు ఎప్పుడు పూసిందన్నది కూడా ఎవరో ఒకరు భద్రపరచవలసిన సంగతి, అందుకే వాటిని నేను తీసివేయకుండా తేదీ, వీధి పేరుతో సహా ఉంచాను.

సందులోని ముదురు గులాబీ చెట్టు నమోదు హాండ్రోయాంథస్ అన్న ప్రజాతి పేరు దగ్గరే ఉంది. ఒకరు అందులోని ఇంపెటిజినోసస్ జాతి అన్నారు, మరొకరు ఆకు అంచు చూడకుండా ఆ మాట అనలేమన్నారు; రెండోవారి మాటే సబబుగా తోచింది. ఇంటావిడకు ఫోన్ నంబరు ఇచ్చి, చిగురు వచ్చి ముదిరాక ఆకు పైభాగం, అడుగుభాగం, స్కేలు పక్కన పెట్టి తీసి పంపమన్నాను. స్కేలు లేకపోతే రూపాయి బిళ్ల చాలా అని అడిగారు. చాలునన్నాను.